హాలు తాళం మన దగ్గరే ఉంది: మన తెలుగు సంఘానికి బహిరంగ లేఖ

సంఘం కమిటీ పెద్దలకు, అయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, యూత్ పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు.

ఈ నాలుగు మాటలూ మన వాట్సాప్ గ్రూపులోనే రాసేదాన్ని. జనరల్ బాడీ మీటింగ్ అయిన మర్నాడే గ్రూపు సెట్టింగ్ మార్చేశారు, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి లేదు. అప్పటి నుంచి అందులో పుట్టినరోజు శుభాకాంక్షలు, రోజుకో వాక్యం తప్ప ఇంకేమీ రావట్లేదు. అందుకే ఇలా అందరికీ కనబడేటట్టు రాయాల్సి వచ్చింది. ఎవరి పేరూ రాయను. మన సంఘం పేరు గానీ, మనకు హాలు ఇచ్చిన గుడి పేరు గానీ రాయను. మీకెలాగూ తెలుసు. ఇలాగే అమెరికాలో ఏదో ఒక ఎపిస్కోపల్ (ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టిన ఆంగ్లికన్ కుటుంబానికి అమెరికా శాఖ) గుడి హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆరాధన చేసుకునే మిగతా తెలుగువాళ్ల చేతికి ఇది చేరితే, వాళ్లు తమ సంఘం పేరు పెట్టుకుని చదువుకుంటారు.

మీటింగ్‌కు రానివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. మనకు హాలు ఇచ్చిన గుడివాళ్ల ఔట్‌రీచ్ కమిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి నెలా రెండో శనివారం ఫుడ్ ప్యాంట్రీ (లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే చోటు) నడుపుతున్నాం, మీ సంఘం నుంచి ఆరుగురు రాగలరా అని అడిగారు. ఫిబ్రవరిలో ఆబ్సలోమ్ జోన్స్ అనే నల్లజాతి ప్రీస్ట్ పేరున జరిగే ఆరాధనలో మీ క్వయర్ ఒక తెలుగు పాట పాడుతుందా అన్నారు. ఆగస్టులో అలబామాలోని హేన్‌విల్‌కు నల్లవాళ్ల హక్కుల కోసం చనిపోయినవాళ్లను తలచుకోవడానికి వెళ్లే యాత్రకు వ్యాన్‌లో సీట్లున్నాయి, ఎవరైనా వస్తారా అన్నారు. డబ్బు మాట ఎక్కడా లేదు. సెక్రటరీ గారు ఉత్తరం చదవడానికి రెండు నిమిషాలు పట్టింది, దాన్ని పక్కన పెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు. తర్వాత క్రిస్మస్ ప్రేమవిందుకు చికెన్ బిర్యానీయా మటన్ బిర్యానీయా అన్న దాని మీద నలభై నిమిషాలు చర్చ జరిగింది. మటన్ గెలిచింది. నేనూ మటన్‌కే చెయ్యెత్తాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ రెండు నిమిషాల్లో నా చెవిన పడ్డ మాటలు ఇవి. "మనది ఆరాధన, వాళ్లది రాజకీయం." "వీసా మీద ఉన్నవాళ్లు ఎక్కడో ఊరేగింపులో ఫొటోల్లో పడితే అదో టెన్షన్." చివరి వరసలోంచి ఇంకొకటి: "ఆ నల్లవాళ్ల గొడవలు మనకెందుకండీ." దీనికి కొందరు నవ్వారు. మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. అది ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్ల. ఇల్లు చేరేదాకా కారులో ఒక్క మాట మాట్లాడలేదు. గరాజ్‌లో దిగుతూ, "మనల్ని గురించి వెనకాల ఎవరైనా అలాగే అని నవ్వితే నువ్వు ఏం చేస్తావమ్మా?" అంది.

వీసా భయం నాకు అర్థమవుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడి, ఉద్యోగం ఊడితే రెండు నెలల్లో సామాను సర్దుకోవాల్సిన వాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్లను ఊరేగింపులకు రమ్మని నేనెప్పుడూ అనను. కానీ ప్యాంట్రీలో బీన్స్ డబ్బాలు అరలో సర్దడానికి, కార్ల దాకా సంచులు మోయడానికి వీసాతో పనేముంది? పైగా భయమన్న మాట అన్నది సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్లయిన అన్నయ్యగారు.

ఇక "వాళ్లది" అన్న మాట. ఎవరండీ ఆ వాళ్లు?

నేను పుట్టింది డోర్నకల్ దగ్గర ఒక పల్లెలో. చిన్నప్పుడు ఏడాదికోసారి మా నాన్న డోర్నకల్ కథీడ్రల్‌కు తీసుకెళ్లేవాడు. 1939లో ప్రతిష్ఠించిన గుడి అది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే దేవాలయం. ఆ గుడి కట్టించిన బిషప్ అజరయ్య గారి ఫొటో మనలో సగం మంది ఇళ్లల్లో గోడ మీద ఉండేది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. ఆయన తెలుగువాడు కూడా కాదు. తిరునెల్వేలి వైపు నాడార్ కుటుంబంలో పుట్టిన తమిళుడు, మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు ఆయన డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాలు) కూడా అందులో కలిసింది. అప్పటికి ఆయన పోయి రెండున్నరేళ్లు దాటింది. ఎపిస్కోపల్ అంటే బిషప్పులున్న సంఘం అనే కదా అర్థం. అమెరికాలో వీళ్లు, ఇండియాలో మనం ఒకే ఆంగ్లికన్ కుటుంబం. వాళ్ల ప్రభువు బల్ల దగ్గర మనకు చోటుంది, మన బల్ల దగ్గర వాళ్లకు చోటుంది. అంటే ఆ హాల్లో మనం అద్దెకున్నవాళ్లం కాదు, చుట్టాలం. చుట్టాలమే కానీ, తిని చెయ్యి కడుక్కుని, ఆ ఇంట్లో ఎవరెలా ఉన్నారని కూడా అడక్కుండా వెళ్లిపోయే రకం.

అజరయ్య గారి సంగతి ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఈ లేఖంతా దాని మీదే నిలబడింది. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ఎక్కువమంది తెల్లవాళ్లే. అప్పటికి ఈయన బిషప్ కూడా కాదు, డోర్నకల్‌లో పనిచేస్తున్న ముప్పై అయిదేళ్ల పాస్టరు. అంతటి సభలో లేచి, మిషనరీలకూ మావాళ్లకూ మధ్య స్నేహం లేదు, మీలో చాలామంది మమ్మల్ని పైనుంచి చూస్తారు అని మొహం మీదే చెప్పాడు. కొరింథీ పత్రికలో ప్రేమ అధ్యాయం మీకు కంఠతా వచ్చు కదా, దాన్నే పట్టుకున్నాడు. బీదల పోషణకు మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు.

నూట పదిహేనేళ్లు దాటాయి. ఇప్పుడు మనం కుర్చీ మారాం. ఆనాడు మిషనరీలు కూర్చున్న చోట ఇవాళ మనం కూర్చున్నాం. కారు, ఇల్లు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లం. మనం ఏమీ ఇవ్వమని కాదు. క్రిస్మస్ ముందు దుప్పట్లకు చందా వేస్తే ఒక్క గంటలో టార్గెట్ దాటుతుంది, అది నా కళ్లారా చూశాను. ఇచ్చేది ఇచ్చేస్తాం. తీసుకునే మనిషి మొహం మాత్రం చూడం.

నిజం చెప్పాలంటే ప్యాంట్రీ నడిపే ఆ గుడివాళ్లలోనూ ఇదే లోపం ఉంది. దాని గురించి వాళ్లకు ఇంగ్లీషులో వేరే ఉత్తరం రాశాను. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు గ్లవ్స్ ఇచ్చి పొడవాటి బల్ల వెనక నిలబెట్టారు. బల్లకు ఇటు మేము, అటు వాళ్లు. ఇంటి పిన్‌కోడ్, ఇంట్లో ఎంతమంది అని అడిగి, సంచి ఇచ్చి, తర్వాతి మనిషిని పిలవడమే. మూడు గంటల్లో ఎవరి పేరూ ఎవరికీ తెలియలేదు. అయినా వాళ్లు ప్రతి నెలా తలుపు తెరుస్తున్నారు. మన పేర్లు ఆ సైన్-అప్ షీట్‌లో ఏడాది మొత్తంలో ఎన్నిసార్లు ఉన్నాయో చూశాను. ఒకే పేరు ఉంది. ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

ఒక శనివారం సంగతి చెప్తాను. లైన్‌లో ఒకామె, ఇద్దరు చిన్నపిల్లలు, తలకు రంగుల గుడ్డ. కాంగో నుంచి శరణార్థులుగా వచ్చి, కొన్నాళ్లు అట్లాంటా పక్కనున్న క్లార్క్‌స్టన్‌లో ఉండి, ఇటు వచ్చారట. సంచిలో పాస్తా, మ్యాకరోనీ, పీనట్ బటర్ చూసి మొహమాటంగా "రైస్?" అంది. బల్ల మీద ఉన్నది డబ్బాలో ఉడికించి పెట్టిన రకం ఒక్కటే. ఆమె తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. తర్వాతి నెల నేను ఇండియన్ షాపు నుంచి ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా పట్టుకెళ్లి, ఆమె వచ్చేదాకా బల్ల కింద దాచాను. బస్తా మూతి విప్పితే ఆమె నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. మా నానమ్మ పాతబియ్యమా కొత్తబియ్యమా అని చూసేది అచ్చం అలాగే. నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. ఆమె నా భుజం మీద ఒక దెబ్బ వేసి ఇంకో గింజ నా నోట్లో పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె పేరు నాకు తెలుసు, నా పేరు ఆమెకు తెలుసు. పేరు పలకడం ఇద్దరికీ సరిగ్గా రాదు, అది వేరే సంగతి.

నానమ్మ అన్నాను కదా. ఆమె కూలికి వెళ్లేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతెడు బియ్యం కొంగులో కట్టుకుని గుడికి తీసుకెళ్లి కానుకగా పోసేది. మీ ఇళ్లల్లోనూ పిడికిలి బియ్యం ఉండేది, కాదనకండి. తినడానికి చాలని ఇంట్లోంచి తీసిన పిడికెళ్లతో మన గుళ్లు నడిచాయి. ఇప్పుడు మన వంటగదుల్లో బియ్యం పోసుకోవడానికి ప్లాస్టిక్ డ్రమ్ములున్నాయి. ఆ పిడికెడు ఎక్కడ పోయింది?

నేను నర్సునని మీకు తెలుసు. అట్లాంటా డౌన్‌టౌన్‌లో ఇల్లు లేనివాళ్ల కోసం డయాసిస్ వాళ్ల సంఘం ఒకటుంది, చర్చ్ ఆఫ్ ది కామన్ గ్రౌండ్ అంటారు. దానికి భవనం లేదు, పార్కులోనే ఆరాధన. వాళ్లు కాళ్ల క్లినిక్ నడుపుతారు. రోజంతా నడిచేవాళ్లకు మొదట పాడయ్యేవి కాళ్లే. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, ఉప్పు వేసి, కాళ్లు నానబెట్టాలి. సాక్స్ చర్మానికి అంటుకుపోయి ఉంటే లాగకూడదు, నీళ్లలోనే వదులు కానివ్వాలి. గోళ్లు కొమ్ముల్లా గట్టిపడి ఉంటాయి, మామూలు కత్తెర పనికిరాదు. ఒక పెద్దాయన కాళ్లు టబ్బులో పెట్టినప్పటి నుంచి తీసేదాకా "వాసన వస్తోంది, సారీ" అని అంటూనే ఉన్నాడు. కాళ్లు తుడిచి కొత్త సాక్స్ తొడిగాక, నీ కాళ్లు నొప్పి పెట్టవా ఇంతసేపు కింద కూర్చుంటే అని నన్ను అడిగాడు. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేశాను, పేషెంట్ ఎవరైనా నా కాళ్ల సంగతి అడిగినట్టు గుర్తులేదు.

గుడ్ ఫ్రైడే ముందు రోజు మనమూ కాళ్లు కడుగుతాం లెండి. పన్నెండు మంది మగవాళ్లు, ఇంట్లో స్నానం చేసి, పౌడర్ వేసుకుని, ఉతికిన సాక్స్‌తో వస్తారు. అయ్యగారు చెంచాడు నీళ్లు పోస్తారు. ఫొటోలు బాగా వస్తాయి.

ఆ గుడివాళ్ల ఇతర కార్యక్రమాలకు మనవాళ్లు రారని కాదు. భస్మ బుధవారం ముందు రోజు సాయంత్రం వాళ్లు పాన్‌కేకులు వేస్తారు, అప్పుడు మన పిల్లలతో హాలు నిండిపోతుంది. మన అట్లతద్ది అట్లకంటే లావు, అంతే తేడా. అక్టోబర్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ పండుగకు కుక్కల్నీ పిల్లుల్నీ తీసుకొచ్చి ఆశీర్వాదం ఇప్పిస్తారు. దానికి మొదట నవ్విన మనవాళ్లే ఇప్పుడు తమ కుక్కల్ని తీసుకెళ్తున్నారు. కనుమనాడు ఎద్దులకు కొమ్ములు రంగులేసిన ఇళ్లల్లోంచి వచ్చిన వాళ్లకు అది వింత కాకూడదు కూడా. వీటికి నేను అడ్డు చెప్పను. కుక్కలకు ఆశీర్వాదానికి తీరిక దొరికింది, ప్యాంట్రీకి దొరకలేదు అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

మీటింగ్‌లో ఎవరో "ఈ ఆబ్సలోమ్ జోన్స్ ఎవరు" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను. 1746లో డెలావేర్‌లో బానిసగా పుట్టాడు. రాత్రిళ్లు కూడా కష్టపడి ముందు భార్యకు స్వేచ్ఛ కొన్నాడు, ఎందుకంటే తల్లి బానిస అయితే పుట్టే పిల్లలూ బానిసలే. తన స్వేచ్ఛ ఆ తర్వాత, 1784లో. ఫిలడెల్ఫియాలో ఒక మెథడిస్టు గుడికి వెళ్లేవాడు. ఒక ఆదివారం తెల్లవాళ్ల స్థలంలో మోకరించాడని, ప్రార్థన జరుగుతుండగానే గుడి పెద్దలు రెక్క పట్టి లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగండి అన్నాడు, ఆగలేదు. ప్రార్థన ముగిశాక నల్లవాళ్లందరూ కలిసి బయటకు నడిచారు. 1793లో అదే ఊళ్లో పచ్చజ్వరం వచ్చి డబ్బున్నవాళ్లు ఊరొదిలి పారిపోతుంటే, ఈయనా, రిచర్డ్ ఆలెన్ అనే ఇంకో నాయకుడూ తమవాళ్లను కూడగట్టి రోగులకు సేవ చేశారు, శవాలు మోశారు. 1794లో సెయింట్ థామస్ అని తమ గుడి పెట్టుకుని ఎపిస్కోపల్ డయాసిస్‌లో చేరారు. డయాసిస్ చేర్చుకుంది, కానీ డయాసిస్ సభలో మీకు చోటు లేదని షరతు పెట్టింది. కానుక చెల్లుతుంది, ఓటు చెల్లదు. ఆయన 1802లో ప్రీస్ట్ అయ్యాడు, ఎపిస్కోపల్ సంఘంలో మొదటి నల్లజాతి ప్రీస్ట్. ఆ సంఘమే తర్వాత ఫిబ్రవరి 13ను ఆయన పండుగ రోజుగా పెట్టుకుంది. 2008 అక్టోబర్‌లో బానిసత్వంలో తమ పాత్రకు క్షమాపణ అడిగే ఆరాధన కూడా ఆ సెయింట్ థామస్ గుడిలోనే చేసింది. 2017లో అట్లాంటాలో డయాసిస్ తెరిచిన జాతి సయోధ్య కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. మన హాలు నుంచి అది గంట దూరం.

క్షమాపణ ఆలస్యంగా అడిగారు, నిజమే. రెండు వందల ఏళ్లు పట్టింది. కానీ అడిగారు. మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి, పెద్ద కులాల విశ్వాసులు వచ్చినప్పుడు ముందు వరస ఖాళీ చేయడం, వీటికి మన డయాసిసుల్లో ఎవరైనా ఎవరినైనా క్షమాపణ అడిగారా?

ఇక్కడికొచ్చేసరికి మీలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. వస్తుందని తెలుసు, ఎందుకంటే పోయిన ఏడాదే వచ్చింది. ఆ గుడివాళ్లు జాతి వివక్ష మీద కొన్ని నెలలు నడిపిన సేక్రెడ్ గ్రౌండ్ చర్చా బృందంలో నేను చేరాను. పన్నెండు మందిలో బ్రౌన్ మొహం నాదొక్కటే. ఒక సాయంత్రం మాట కులం దాకా వెళ్లింది. మా ఊరి హోటల్లో మా నాన్నకు టీ లోపల ఇచ్చేవాళ్లు కాదని, బయట గూట్లో వేరే గ్లాసు ఉండేదని, తాగాక ఆ గ్లాసు ఆయనే కడిగి గూట్లో పెట్టాలని చెప్పాను. ఎదురుగా కూర్చున్న డెబ్బై ఏళ్ల నల్లజాతి పెద్దామె, "మాకు నీళ్ల కుళాయి వేరే ఉండేది" అంది. అంతకుమించి మాట్లాడుకోలేదు. కాఫీకి లేచినప్పుడు ఆమె నా కప్పు తీసుకుని తనే కడిగింది.

వారం తిరక్కుండా మన పెద్దల్లో ఒకరు ఫోన్ చేశారు. "ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారమ్మా, మన విషయాలు వాళ్ల ముందు ఎందుకు విప్పావు?" అని. అన్నయ్యగారూ, గుట్టు దాచుకోవాల్సిన పని ఎవరికి ఉంటుంది? బయట గూట్లో గ్లాసు పెట్టినవాళ్లకు ఉండాలి. అందులో తాగినవాళ్ల పిల్లలం మనం. మనమెందుకు దాస్తున్నాం?

అమెరికాలో కులమేమిటి అంటారు. ప్రేమవిందులో కొత్త కుటుంబం ప్లేటు పట్టుకుని నిలబడగానే మొదటి ప్రశ్న "ఏ ఊరండీ", రెండోది "ఇంటిపేరు", మూడోది "అక్కడ ఏ పేట". పేట తెలిశాక కుర్చీ దగ్గరికి జరుగుతుంది, లేదా జరగదు. మన న్యూస్‌లెటర్‌లో పెళ్లి సంబంధాల పేజీ చూడండి: రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న, మాస్టర్స్ చేసిన, ఆ తర్వాత కులం. క్రీస్తులో అందరూ ఒక్కటే అని పైన బోర్డర్‌లో వాక్యం, కింద క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ. ఇండియాలో సర్టిఫికెట్లో, ఎస్సీ కుటుంబాల నుంచి వచ్చిన మనల్ని బీసీ-సి అని రాస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా మతం మారితే పోతుందన్నారు, సిక్కులకూ బౌద్ధులకూ తర్వాత ఇచ్చి మనకు ఇవ్వలేదు. ఆ అన్యాయం మీద మన పెద్దలు ఢిల్లీ దాకా వెళ్లి ధర్నాలు చేశారు. కులం పోలేదు, హోదా మాత్రం పోయింది అని కదా మన వాదన. ఆ వాదన ఢిల్లీలో చేసి, ఇక్కడ కులమే లేదంటే ఎలా కుదురుతుంది? సియాటెల్ సిటీ కౌన్సిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. ఈ దేశంలో కులం లేదనుకుంటే ఆ పని చేసేవాళ్లా?

ఇక హేన్‌విల్. పోయిన ఆగస్టులో వెళ్లాను, మన హాలు నుంచి మూడు గంటల పైన ప్రయాణం. జోనాథన్ డానియల్స్ అని న్యూహాంప్‌షైర్ నుంచి వచ్చిన తెల్ల కుర్రాడు, ఎపిస్కోపల్ సెమినరీ విద్యార్థి, ఇరవై ఆరేళ్లు. 1965లో నల్లవాళ్ల ఓటుహక్కు కోసం పనిచేయడానికి అలబామా వచ్చాడు. ఆగస్టులో నిరసన చేసినందుకు పట్టుకుని ఆరు రోజులు హేన్‌విల్ జైల్లో పెట్టారు. 20వ తేదీన వదిలారు. ఎండ మండిపోతుంటే నలుగురు కలిసి కూల్‌డ్రింక్ కొనుక్కుందామని పక్కనే ఉన్న కొట్టు దగ్గరికి నడిచారు. గుమ్మంలో టామ్ కోల్‌మన్ అనే మనిషి తుపాకీతో నిలబడ్డాడు. తుపాకీ గురిపెట్టింది రూబీ సేల్స్ అనే పదిహేడేళ్ల నల్లజాతి పిల్లకు. డానియల్స్ ఆమెను పక్కకు నెట్టి గుండుకు ఎదురుపడి ప్రాణం విడిచాడు. అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ కోల్‌మన్‌ను నిర్దోషి అని వదిలేసింది.

ఏటా ఆగస్టులో జనం ఆ కోర్టు దగ్గర మొదలుపెట్టి, జైలు దాకా, కొట్టు ఉన్న చోటు దాకా నడుస్తారు. అలబామాలో అలా చనిపోయిన వాళ్ల ఫొటోలు పట్టుకుని ఒక్కొక్క పేరూ చదువుతారు. చివర్లో అదే కోర్టు గదిలోకి వెళ్తారు. జడ్జి కూర్చునే బల్లే ప్రభువు బల్ల అవుతుంది. అక్కడే రొట్టె విరుస్తారు. నేను ఆ రొట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు చుండూరు గుర్తొచ్చింది.

అదీ ఆగస్టే. 1991 ఆగస్టు 6. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊరి నడుమనే సమాధి చేసి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊళ్లోనే స్పెషల్ కోర్టు పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. అక్కడ కోర్టు గదిలో ఎవరు రొట్టె విరుస్తారో నాకు తెలియదు. కానీ హేన్‌విల్ గదిలో నా పక్కన నిలబడ్డ ఒక ముసలాయనకు ఆ ఎనిమిది మంది సంగతి చెప్పాను. వచ్చే ఏడాది వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని రా, ఇక్కడ చదువుదాం అన్నాడు.

"నల్లవాళ్ల గొడవ" అన్న తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు 1991లో పుట్టి కూడా ఉండవు. మీ తాతనో నాన్ననో ఒక్కసారి ఫోన్‌లో అడుగు, వాళ్ల ఊరి హోటల్లో గ్లాసు ఎక్కడ ఉండేదో. తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

కమిటీ పెద్దలను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పక్కన పెట్టిన ఆ ఉత్తరాన్ని మళ్లీ బల్ల మీదికి తీసుకురండి. నెలకు ఆరుగురు అంటే, మనకున్న కుటుంబాల లెక్కన ఒక్కో ఇంటికి ఏడాదికి ఒక శనివారం కూడా రాదు. స్త్రీల మైత్రి తరఫున పిడికిలి బియ్యం మళ్లీ మొదలుపెడదాం, ఆదివారం హాలు గుమ్మంలో డ్రమ్ము నేను పెడతాను. మూడు నెలలకోసారి మన ప్రేమవిందుకు ప్యాంట్రీకి వచ్చేవాళ్లను పిలుద్దాం, కానీ బఫే వద్దు. బంతి వేద్దాం. వాళ్లూ మనమూ ఒకే వరసలో, కమిటీ పెద్దలతో సహా, ఎవరి పక్కన ఎవరు పడితే వాళ్లే. ఖర్చు ఎక్కువైతే మటన్ వదిలేద్దాం, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. న్యూస్‌లెటర్ పెళ్లి పేజీలో కులం కాలమ్ తీసేయండి, దీనికి మాత్రం జనరల్ బాడీలో చేతులెత్తి ఓటు పెట్టాలని కోరుతున్నాను. ఎవరు ఎత్తారో, ఎవరు ఎత్తలేదో పిల్లలు చూడాలి. ఫిబ్రవరిలో పాడడానికి మా అమ్మాయి, యూత్‌లో ఇంకో నలుగురు ఇప్పటికే ఒక పాట ప్రాక్టీస్ చేస్తున్నారు, మీ అనుమతి అడగలేదని నొచ్చుకోకండి.

గ్రూపు సెట్టింగ్ కూడా మార్చండి. జవాబులు నాకు అక్కడే కావాలి.

వచ్చే రెండో శనివారం పొద్దున్న ఎనిమిదింటికి గుడి వెనక పార్కింగ్‌లో ఉంటాను. హాలు తాళం నా దగ్గర ఒకటుంది. కారులో నాలుగు సీట్లు ఖాళీ, నడవలేని వాళ్లుంటే ఇంటికొచ్చి ఎక్కించుకుంటాను. శుక్రవారం రాత్రిలోగా చెప్తే ఇడ్లీ పిండి ఇంకొంచెం ఎక్కువ రుబ్బుతాను.

మీ సహోదరి,
డోర్నకల్ వైపు అమ్మాయి